అడవి అంచున ఓడల చదువు

భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో దుమ్ముగూడెం వస్తుంది. అక్కడ గోదావరికి అడ్డంగా పాతకాలపు ఆనకట్ట, దాన్ని ఆనుకుని ఒక కాలువ, ఆ కాలువకు లాకులు ఉన్నాయి. పొలాలకు నీళ్లు మళ్లించడానికి కట్టినవి కావవి. ఆవిరి పడవలు నదిలో రాతి అడ్డు దాటి పైకి ఎక్కడానికి కట్టారు. సముద్రానికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ఎగువన, టేకూ వెదురూ తునికీ పెరిగే అడవిలో ఓడల లాకులు!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన ఆర్థర్ కాటన్‌కు నది అంటే సాగునీరొక్కటే కాదు, నీటి మీద రహదారి కూడా. కోరంగి రేవు నుంచి పాపికొండల మీదుగా వార్ధా, చాందా పత్తి చేలదాకా పడవలు నడపాలన్నది ఆయన పట్టు. దారిలో మూడు చోట్ల రాళ్ల అడ్డులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైంది. దాంతో ఈ పనికి ఊపు వచ్చింది. ఎఫ్.టి.హేగ్ అనే ఇంజనీరు అడవిలో మకాం పెట్టి పనులు నడిపించాడు. అయితే 1867కల్లా బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో ప్రభుత్వం పడవ దారి పథకాన్ని వదిలేసింది. వేసవిలో మోకాలి లోతు, వానాకాలంలో తాటిచెట్టు లోతు ఉండే నది మీద ఏడాది పొడుగునా రవాణా నడపడం ఎలాగో కాటన్‌కైనా అంత తేలిగ్గా తేలే లెక్క కాదు.

లాకు పనితీరు మాత్రం ఇప్పటికీ ముచ్చటైనదే. రెండు తలుపుల మధ్య ఒక గది. పడవ కింది తలుపులోంచి గదిలోకి వస్తుంది, తలుపు మూస్తారు, పై తూము తెరుస్తారు. పై నీళ్లు గదిలోకి దిగి మట్టం సమానమయ్యేసరికి పడవ తనంతట తానే పైకి లేస్తుంది. ఇంజను లేదు, ఎత్తే మనిషి లేడు. వంద టన్నుల పడవైనా ఖాళీ తెప్పైనా గది నింపడానికి పట్టే నీళ్ల ఖర్చు ఒక్కటే. పడవ తన బరువుకు సమానమైన నీటిని ఎప్పుడో పక్కకు తోసేసింది, మళ్లీ లెక్కలోకి రాదు. ఆర్కిమెడిస్ సూత్రాన్ని ఇంతకన్నా బాగా చెప్పే పాఠం నాకు తెలిసి లేదు.

ఓడల ఇంజనీరింగ్, సముద్ర శాస్త్రం అంటే మన పిల్లల మనసులో మెదిలేది విశాఖ బీచ్‌రోడ్డు. ఖమ్మంలో ఎంపీసీ చదివే అమ్మాయికి సముద్రం చూడాలంటే రైలెక్కాలి కాబట్టి ఆ చదువు తీరం వాళ్లదని వదిలేస్తుంది. ఈ కోర్సుల మొదటి ఏడాది పుస్తకాలు తిరగేస్తే ఉండేవి ఏమిటి? నీరు ఎలా పారుతుంది, ఎలా మోస్తుంది, వస్తువు ఎందుకు తేలుతుంది, ఎప్పుడు తిరగబడుతుంది, నీటి లోపల ధ్వని ఎలా పోతుంది. ఇందులో ఒక్కదానికీ ఉప్పునీరు తప్పనిసరి కాదు. ఆ పాఠాల కోసం ప్రయోగశాల వెతుక్కుంటే భద్రాచలం నుంచి పాపికొండల దాకా ఉన్న గోదావరిని మించినది తెలుగు నేల మీద దొరకదు. ఆ చదువు అత్యవసరంగా కావలసింది కూడా ఇక్కడే.

భద్రాచలం కరకట్ట మీద నిలబడితే మొదటి పాఠం ఎదురుగానే ఉంటుంది. నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ అక్కడ చంటిపిల్లలకు కూడా వచ్చు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు లేచింది, రికార్డుల్లో అదే ఎక్కువ. 2022 జులై 16న 71.3 అడుగులు. ఆ రోజు భద్రాచలం దగ్గర ప్రవాహం 24 లక్షల క్యూసెక్కులు దాటింది.

క్యూసెక్కులంటే మనకు అలవాటే, సముద్ర శాస్త్రం వాళ్లకు అది చిల్లర. వాళ్ల కొలత స్వెర్‌డ్రప్. నార్వే శాస్త్రజ్ఞుడు హరాల్డ్ స్వెర్‌డ్రప్ పేరు మీద పెట్టిన ఆ ప్రమాణానికి విలువ సెకనుకు పది లక్షల ఘనపు మీటర్లు. 24 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు సుమారు 68 వేల ఘనపు మీటర్లు, అంటే స్వెర్‌డ్రప్‌లో ఏడు శాతం కూడా లేదు. కానీ ప్రపంచంలోని నదులన్నీ కలిపి సముద్రంలో పోసే నీటి సగటు 1.2 స్వెర్‌డ్రప్‌లు. ఆ జులై పూట భద్రాచలం వంతెన కింద పారినది దాదాపు అందులో పద్దెనిమిదో వంతు. ఫ్లోరిడా దగ్గర గల్ఫ్ ప్రవాహం ఒక్కటే 30 స్వెర్‌డ్రప్‌లు. నది ఎంత పెద్దదో, సముద్రం ముందు ఎంత చిన్నదో ఒకే లెక్క చెబుతుంది.

అంత నీరు వచ్చింది ఎక్కడి నుంచి? సముద్రం నుంచే. వానాకాలంలో బంగాళాఖాతం ఉత్తర భాగంలో పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాలు ఒడిశా తీరం దాటి పడమటికి కదులుతాయి. వాటి దారిలోనే బస్తర్ కొండలు, ఇంద్రావతి, శబరి పరీవాహక ప్రాంతాలు ఉన్నాయి. 3.12 లక్షల చదరపు కిలోమీటర్ల గోదావరి పరీవాహకంలో వాన ఎక్కడ పడుతుందో అన్నదాన్ని బట్టి భద్రాచలం కథ మారుతుంది. పైన నాసిక్‌లో ఎంత కురిసినా ఇక్కడికి వచ్చేసరికి సగం ఆనకట్టలు మింగేస్తాయి. ప్రాణహిత, ఇంద్రావతి ఒకేసారి విరుచుకుపడితే మాత్రం ఆపే ఆనకట్ట ఏదీ లేదు. దిగువన కూనవరం దగ్గర శబరి కూడా పొంగి ఉంటే గోదావరి నీరు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. ఎగపోటు అని ఊళ్లవాళ్లు అనే ఈ పనికి ఇంజనీరింగ్ పుస్తకంలో ఒక వక్రరేఖ గీసి ఉంటుంది. దిగువ మట్టం ఒక్క మీటరు పెరిగితే, వాలు తక్కువైన నదిలో దాని ప్రభావం ఎంతో దూరం పైకి పాకుతుంది. గోదావరికి ఇక్కడి నుంచి సముద్రం దాకా సుమారుగా కిలోమీటరుకు జానెడు వాలు. పోలవరం ఆనకట్ట పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 150 అడుగులన్నప్పుడు ఏడు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రప్రదేశ్‌లో ఎందుకు కలవవలసి వచ్చిందో, దానికి జవాబు ఈ జానెడు వాలులో ఉంది. దాని రాజకీయం వేరే సంగతి.

సముద్రం నుంచి గాలిలో వచ్చిన నీరు నదిలో తిరిగి వెళ్లి ఊరుకోదు. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక. వరద నీరు బంగాళాఖాతంలో కలిసిపోకుండా పైన పొరలా పరుచుకుంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ పోసేది ఈ ఒక్క అఖాతంలోనే. పై పొర తేలిక కావడంతో గాలి ఎంత కొట్టినా కింద ఉన్న చల్లటి నీటితో కలవదు. ఎండవేడి పై కొద్ది మీటర్లలోనే చిక్కుకుంటుంది. నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటి ఉంటే వాయుగుండాలకు మేత దొరికినట్టే. అరేబియా సముద్రంలో నదుల నీరు తక్కువ, రుతుపవనాల గాలి దాన్ని బాగా కలియబెట్టి చల్లారుస్తుంది. వానాకాలంలో వాయుగుండాలు ఎక్కువగా తూర్పు వైపే పుట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1986లో కరకట్ట కూడా లేని భద్రాచలాన్ని ముంచిన నీరు కొన్నాళ్లకు సముద్రం మీద పలచటి మూతగా మారి ఉంటుంది. గోదావరి వాటా గంగా బ్రహ్మపుత్రల ముందు చిన్నదే, పని మాత్రం అదే.

వానలు వెనుకబట్టాక ఈ మంచినీటి పొర ఏమవుతుందో కనిపెట్టిన తీరు నాకు మరీ నచ్చింది. ఉపగ్రహాలు తీరానికి దగ్గరలో ఉప్పదనాన్ని సరిగా కొలవలేవు. పరిశోధన నౌకలు ఏడాదంతా ఒకేచోట ఉండలేవు. అందుకని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు తీరం పొడుగునా కొన్ని ఊళ్లలో మత్స్యకారులకు సీసాలిచ్చారు. కొన్ని రోజులకోసారి వేటకు పోయినప్పుడు సముద్రపు నీరు పట్టి తేవడమే పని. ఏళ్ల తరబడి పోగైన ఆ సీసాల లెక్కను 2014లో చైతన్య అనే తెలుగు పరిశోధకుడు, సహచరులు ప్రచురించారు. అక్టోబరు నుంచి తీరాన్ని ఒరుసుకుంటూ సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున మంచినీటి పాయ ఒకటి దక్షిణానికి పారుతోందని తేలింది. సముద్రంలో నది అని దానికి పేరు పెట్టారు. మన నదులన్నీ ముగిసిపోయాయని మనం అనుకున్న చోట అవి మరోసారి ఒక్కటై కన్యాకుమారి వైపు నడుస్తున్నాయన్నమాట.

నీటితోపాటు పోయే మరొకటి మట్టి. జులైలో వచ్చే ఎర్రనీళ్లు చూసినవారికి చెప్పక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో వేసిన లెక్క ప్రకారం, 1970లలో ఏడాదికి 15 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు 1990లకు 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మట్టి పైనున్న ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. తీరంలో అలలు మాత్రం తమ వాటా మట్టిని ఎప్పటిలాగే తీసుకుపోతున్నాయి. పెట్టుబడి తగ్గి ఖర్చు అంతే ఉంటే ఏమవుతుందో అదే అయింది. 1976 నుంచి 2001 మధ్య గోదావరి డెల్టా అంచు నికరంగా 1,800 హెక్టార్ల పైన సముద్రంలో కలిసిపోయింది. తీర ఇంజనీరింగ్‌లో దీన్ని ఒండ్రు బడ్జెట్ అంటారు. తీరం కోతకు రాళ్లు పోసే ముందు నది ఎగువన ఏం జరిగిందో చూడమని ఆ బడ్జెట్ చెబుతుంది, మనవాళ్లు ముందు రాళ్లు పోస్తారు.

ఇంకా లోతుకు వెళితే సముద్రానికీ ఈ అడవికీ చుట్టరికం కోట్ల ఏళ్లది. 1871లో భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. సింగరేణి కథ అక్కడ మొదలైంది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి గనులన్నీ ప్రాణహిత గోదావరి లోయలో వరుసగా ఉండటం కాకతాళీయం కాదు. పాతికముప్పై కోట్ల ఏళ్ల కిందట భూమి ఇక్కడ చీలి కుంగింది. ఆ పల్లంలో అడవులు కూరుకుపోయి బొగ్గయ్యాయి. చీలిక ఇక్కడే వెడల్పై ఉంటే ఖమ్మంలో సముద్రం ఉండేది. అలా కాలేదు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు అసలు చీలిక తూర్పున తెరుచుకుంది. అదే నేటి బంగాళాఖాతం. మన లోయ ఆగిపోయిన చీలికగా మిగిలి గోదావరికి దారి ఇచ్చింది. ఈ లోయ తీరం చేరే చోట, సముద్రం కింద, కృష్ణా గోదావరి బేసిన్ ఉంది. నదులు మోసుకొచ్చిన మట్టి అక్కడ కిలోమీటర్ల మందాన పేరుకుంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు నౌక ఆ సముద్రగర్భంలో రంధ్రం వేస్తే 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ ఉన్న బంకమట్టి బయటపడింది. నీటి అణువుల పంజరంలో మీథేన్ చిక్కుకున్న మంచు అది, అగ్గిపుల్ల పెడితే మండుతుంది. ఒండ్రుతో వచ్చిన ఆకూ అలమూ వంటి సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటే మీథేన్ పుడుతుంది.

ఈ చదువు తెలుగునాట ఎప్పుడు మొదలైంది? 1950లలో అమెరికన్ శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి సముద్ర విజ్ఞానం నేర్పాడు. విద్యార్థులతో నౌక మీద వెళ్లి విశాఖ ఎదుట సముద్రగర్భంలో లోయలు గుర్తించి వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. మహదేవన్ అక్కడి భూగర్భ శాస్త్ర ఆచార్యుడు. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలో మెరైన్ ఇంజనీరింగ్ విభాగం ఉంది, విశాఖలోనే భారత సముద్ర విశ్వవిద్యాలయం ప్రాంగణంలో నౌకా నిర్మాణం చెబుతారు, మద్రాసు ఐఐటీలో ఓషన్ ఇంజనీరింగ్ ఉంది. ఇక 1999లో పెట్టిన జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఇన్‌కాయిస్ హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళ్తున్నాయి. సముద్రం పక్కన లేకపోవడం ఈ వృత్తికి అడ్డం కాదని ఖమ్మం అమ్మాయికి ఎవరైనా చెప్పాలంటే ప్రగతినగర్ బోర్డు చూపిస్తే సరిపోతుంది.

ఇక పాపికొండలకు వద్దాం. భద్రాచలం దగ్గర కిలోమీటరు దాటిన వెడల్పు ఉన్న గోదావరి కొండల మధ్య కొన్నిచోట్ల మూడు వందల మీటర్లకు ముడుచుకుపోతుంది. పైనుంచి వచ్చిన నీరంతా ఆ సందులోంచే పోవాలి. ప్రవాహం అంటే వెడల్పు, లోతు, వేగం మూడింటి గుణకారం. వెడల్పు నాలుగో వంతైతే లోతో వేగమో నాలుగు రెట్లు కావాలి, లేదా రెండూ కాస్త కాస్త పెరగాలి. గోదావరి రెండూ చేస్తుంది. లోతు ఎక్కువ కాబట్టి పైకి ప్రశాంతంగా కనపడుతుంది. వంపుల్లో నీరు బయటి ఒడ్డుకు తగిలి కిందకు దిగి మెలితిరుగుతుంది, కొండ మొన వెనక నీరు ఎదురు తిరుగుతుంది. సుడిగుండాలు అక్కడే.

ప్రవాహంతోపాటు కొట్టుకుపోతున్న పడవకు ప్రవాహం తగలదన్నది విద్యార్థులు మొదట నమ్మని సంగతి. రెండింటి వేగం ఒకటే కాబట్టి పడవకు నీరు నిలిచి ఉన్నట్టే లెక్క. ఆపద వచ్చేది నీటి వేగం చోటు చోటుకూ మారినప్పుడు, ముక్కు ఎదురుసుడిలో, వెనకభాగం పారే నీటిలో ఉన్నప్పుడు. అప్పుడు పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను ఇంజను పట్టి ఆపబోతే పక్క మీద నీరు తోస్తుంది. ఆ తోపుడు వేగం వర్గంతో పెరుగుతుంది. నీటిలో 15 మీటర్ల పొడుగు, 80 సెంటీమీటర్ల లోతు మునిగి ఉన్న పడవ మీద సెకనుకు 2 మీటర్ల నీరు వేసే తోపుడు రెండున్నర టన్నుల బరువంత ఉంటుంది. వేగం 4 మీటర్లైతే పది టన్నులకు దగ్గర పడుతుంది. రెట్టింపు వేగానికి నాలుగింతల దెబ్బ. సరంగులకు ఈ సూత్రం తెలియకపోవచ్చు, ఏ మొన దగ్గర ఇంజను తగ్గించాలో ఏ మొన దగ్గర పెంచాలో మాత్రం తెలుసు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. దేవీపట్నం మండలంలో గండిపోచమ్మ గుడి దగ్గర బయల్దేరిన రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు పాపికొండలకు పోతూ కచ్చులూరు మందం దగ్గర తిరగబడింది. నదిలో అప్పటికి ఐదు లక్షల క్యూసెక్కుల వరద ఉంది. ఒడ్డునున్న గిరిజన ఊళ్లవాళ్లు నాటు పడవలేసుకుని వచ్చి 26 మందిని కాపాడారు. యాభై మంది దాకా పోయారు. బోటు ఒక పక్కకు ఒరగగానే పైనున్న జనం ఆ పక్కకే జారిపోయారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. అంతకు ముందు ఏడాది, 2018 మే 15న, మంటూరు దగ్గర గాలివానలో ఇంకో లాంచీ మునిగింది. గాలికి తలుపులు మూసి ఉండటంతో జనం లోపలే చిక్కుకున్నారు.

కచ్చులూరు దగ్గర మునిగిన బోటు సుమారు రెండు వందల అడుగుల లోతున పడింది. ఎర్రనీళ్లలో దీపం వేసినా బారెడు దూరం కనపడదు. కాబట్టి ధ్వనితో వెతికారు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు పోతుంది. 60 మీటర్ల లోతుకు వెళ్లి ప్రతిధ్వని తిరిగి రావడానికి సెకనులో పన్నెండో వంతు చాలు. ఆ సమయాన్ని కొలిచి లోతు కట్టడమే సోనార్. లఫాండ్ విశాఖ ఎదుట లోయలు గీసింది కూడా ఇదే పద్ధతిలో. గజ ఈతగాళ్లు మాత్రం ఆ లోతుకు పోలేరు. ప్రతి పది మీటర్లకు గాలి ఒత్తిడి ఒకటి చొప్పున పెరిగి అక్కడ ఏడింతలు ఉంటుంది, ఆ ఒత్తిడిలో మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది. బోటును పైకి లాగడమూ తేలిక కాదు: ఇనుము నీటిలో తన బరువులో ఎనిమిదో వంతు మాత్రమే కోల్పోతుంది, పైగా బోటు నిండా ఒండ్రు. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి, వరద తగ్గేదాకా ఆగి, లాగి లాగి అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు తెచ్చింది. విశ్వవిద్యాలయాల్లో సాల్వేజ్ ఇంజనీరింగ్ అని చెప్పే పాఠాన్ని రేవు పనిలో పండిన మనుషులు చేసి చూపించారు.

పడవ ఎప్పుడు తిరగబడుతుందో చెప్పే శాస్త్రం పుట్టింది సముద్రం మీద కాదు, కొండల మీద. పియర్ బూగేర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1735లో భూమి ఆకారం కొలిచే బృందంతో దక్షిణ అమెరికా వెళ్లాడు. ఆండీస్ పర్వతాల్లో ఏళ్ల తరబడి చలిలో కొలతలు తీసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఓడల లెక్కలు రాసుకున్నాడు. 1746లో అచ్చైన ఆ గ్రంథం నౌకా నిర్మాణ శాస్త్రానికి పునాది. అందులోదే మెటాసెంటర్.

పడవ బరువంతా గరిమనాభి దగ్గర కిందకు లాగుతుంది. నీటి తోపుడంతా మునిగిన భాగం మధ్యనున్న ఉత్ప్లవన కేంద్రం దగ్గర పైకి నెడుతుంది. పడవ ఒరిగితే మునిగిన భాగం ఆకారం మారి ఉత్ప్లవన కేంద్రం ఒరిగిన పక్కకు జరుగుతుంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా గీత గీస్తే అది పడవ నడిమి గీతను ఒక చోట కలుస్తుంది. అదే మెటాసెంటర్. గరిమనాభి దాని కింద ఉన్నంతసేపూ పడవ తిరిగి లేస్తుంది, పైకి పోయిందా, ఇంకా ఒరుగుతుంది.

లెక్క చేసి చూద్దాం. ఊహా పడవ: 15 మీటర్ల పొడుగు, 4 మీటర్ల వెడల్పు, పెట్టె ఆకారం, 80 సెంటీమీటర్లు మునిగి ఉంది. బరువు 48 టన్నులు. అడుగు నుంచి ఉత్ప్లవన కేంద్రం 40 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని పైన మెటాసెంటర్ ఎత్తు కావాలంటే వెడల్పు వర్గాన్ని మునిగిన లోతుకు పన్నెండు రెట్లతో భాగించాలి, 1.67 మీటర్లు వస్తుంది. మొత్తం 2.07. గరిమనాభి 1.5 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే మధ్య ఎడం 57 సెంటీమీటర్లు. పడవ ప్రాణం ఆ ఎడంలోనే ఉంది.

ఇప్పుడు పై అంతస్తులో పాటలు పెట్టారు. కింద కూర్చున్న యాభై మంది రెండున్నర మీటర్లు పైకి ఎక్కారు. ఒక్కొక్కరు 60 కిలోలైతే మూడు టన్నులు. గరిమనాభి 16 సెంటీమీటర్లు లేస్తుంది, ఎడం 41కి దిగుతుంది. ఎవరికీ తేడా తెలియదు. కొండల్లో ఏదో కనపడిందని ఆ యాభై మందీ ఒకవైపు ఒకటిన్నర మీటర్లు జరిగితే పడవ 13 డిగ్రీలు ఒరుగుతుంది, అంచు 46 సెంటీమీటర్లు దిగుతుంది. అంచుకూ నీటికీ మధ్య మొదట అర మీటరు ఉండి ఉంటే మిగిలింది రెండు వేళ్ల ఎడం. కింది అంతస్తులోనే ఉండి జరిగితే తొమ్మిది డిగ్రీలే, అంచు ఇంకా జానెడుకు కాస్త తక్కువ ఎత్తున ఉండేది. సుడి తగిలేది ఇలాంటి సమయంలోనే.

నీరు లోపలికి వస్తే కథ వేరు. చీలమండలోతు నీళ్లు చాలు. నిండా సాంబారు పోసిన వెడల్పాటి పళ్లెం పట్టుకుని నడిచినవారికి తెలుసు, ఏ పక్కకు వంగితే అంతా ఆ పక్కకే వస్తుంది. అడుగంతా పరుచుకున్న నీటి స్వేచ్ఛా ఉపరితలం మెటాసెంటర్ ఇచ్చిన లాభాన్ని దాదాపు మొత్తం కొట్టేస్తుంది, ఎడం సున్నా కిందకు పోతుంది. విచిత్రమేమంటే ఇందులో నీటి లోతు కన్నా దాని వెడల్పే ముఖ్యం. అడుగున పొడుగ్గా నడిమికి ఒక్క గోడ కట్టి రెండు గదులు చేస్తే ఆ నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది, పడవ మళ్లీ నిలబడుతుంది. ఒక్క ఇనుపరేకు గోడ. లైఫ్ జాకెట్ల గురించి మాట్లాడినంతగా ఈ గోడ గురించి మనం ఎందుకు మాట్లాడమో నాకు అర్థం కాదు.

సరే, గరిమనాభి ఎక్కడుందో తెలిసేదెలా? దానికి బూగేర్ కాలం నుంచీ వాడే పరీక్ష ఉంది, మొదటి ఏడాది ప్రయోగశాలలో బొమ్మ ఓడ మీద చేయిస్తారు. పాపికొండల బోట్లు బయల్దేరే పోచవరం రేవులో అసలు పడవ మీదే చేయవచ్చు. గాలి లేని ఉదయం, తాళ్లు వదులు చేసి, జనాన్ని దింపేయాలి. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండును రెండు మీటర్ల దారంతో వేలాడదీసి, ఊగకుండా బకెట్ నీళ్లలో ముంచి, దారం వెనక స్కేలు పెట్టాలి. యాభై కిలోల ఇసుక బస్తాలు ఆరు ఒక పక్క నుంచి మూడు మీటర్లు అవతలి పక్కకు మార్చాలి. మనం చెప్పుకున్న 48 టన్నుల పడవలో ఎడం 57 సెంటీమీటర్లు ఉంటే దారం స్కేలు మీద ఆరున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. పదిహేను సెంటీమీటర్లు జరిగిందంటే ఎడం పాతికకు పడిపోయినట్టు. ఆ పడవలో పై అంతస్తు మెట్లకు తాళం వేసి తర్వాత టికెట్లు అమ్మాలి.